ఓటు లేని యుద్ధాలు: అమెరికా సైనిక చర్యల మీద విమర్శలను విడివిడిగా చూస్తే

2025 జూన్ 22న అమెరికా ఇరాన్‌లోని ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాల మీద దాడి చేసింది. అంతకుముందు అమెరికా కాంగ్రెస్‌లో, అంటే వాళ్ల పార్లమెంటులో, ఈ దాడి మీద ఓటింగ్ జరగలేదు. ఐదు రోజుల తర్వాత, ఇకపై ఇరాన్ మీద యుద్ధానికి కాంగ్రెస్ అనుమతి ఉండాల్సిందేనంటూ ఒక తీర్మానం కాంగ్రెస్ ఎగువ సభ సెనేట్ ముందుకు వచ్చింది. అది 47-53 ఓట్లతో వీగిపోయింది.

ఇలాంటి దాడి జరిగిన ప్రతిసారీ మన టీవీ చర్చల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకే గందరగోళం కనిపిస్తుంది. ఇది చట్టవిరుద్ధం అని ఒకరంటారు. శత్రువు చేతికి అణుబాంబు వస్తే అప్పుడేం చేస్తారని ఇంకొకరు అడుగుతారు. ఇరాక్‌లో ఏమైందో మర్చిపోయారా అని మూడో మనిషి అందుకుంటాడు. ముగ్గురూ ఒకే విషయం మీద పోట్లాడుకుంటున్నట్టు ఉంటుంది కానీ, ముగ్గురూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. అందుకే ఎవరి మాటా ఎవరికీ ఎక్కదు.

విమర్శ అనే ఒక్క పేరు కింద నాలుగు ప్రశ్నలు

ఒక దేశం బయటి దేశంలో చేసే యుద్ధాన్ని నాలుగు వైపుల నుంచి ప్రశ్నించవచ్చు. మొదటిది, ఆ దేశపు సొంత రాజ్యాంగం ప్రకారం నిర్ణయం తీసుకోవాల్సినవాళ్లే తీసుకున్నారా అన్నది. రెండోది అంతర్జాతీయ చట్టం సంగతి, ముఖ్యంగా ఐక్యరాజ్యసమితి చార్టర్ దానికి ఒప్పుకుంటుందా అన్నది. మూడోది నీతికి సంబంధించింది. కారణం న్యాయమైనదేనా? ప్రాణాలు పోతున్నది ఎవరివి? నాలుగోది ఫలితం. అనుకున్నది సాధించారా, దానికి ఎంత ఖర్చయింది?

ఈ నాలుగింటికీ ఒకే జవాబు రానక్కర్లేదు. చట్టబద్ధంగా మొదలై ఘోరంగా ముగిసిన యుద్ధాలున్నాయి. చట్టం ఒప్పుకోకపోయినా వేల ప్రాణాలు కాపాడాయని చాలామంది నమ్మే యుద్ధాలూ ఉన్నాయి. ఈ నాలుగింటిలో ఈ వ్యాసం ఎక్కువసేపు నిలబడేది మొదటి ప్రశ్న దగ్గర. ఎవరు నిర్ణయించారో తేలకపోతే, మిగతా మూడింటికి జవాబు చెప్పాల్సిన మనిషే దొరకడు. అమెరికాలో గత డెబ్బై ఐదేళ్లుగా జరుగుతున్నది దాదాపు ఇదే.

ప్రకటించే హక్కు కాంగ్రెస్‌ది, సైన్యం అధ్యక్షుడి చేతిలో

అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం ఎనిమిదో సెక్షన్ యుద్ధం ప్రకటించే అధికారాన్ని కాంగ్రెస్‌కు ఇచ్చింది. సైన్యానికి డబ్బు మంజూరు చేసేదీ కాంగ్రెసే. రెండో అధికరణం మాత్రం అధ్యక్షుణ్ని సైన్యానికి సర్వసేనాధిపతిని చేసింది. అంటే యుద్ధంలోకి దిగాలా వద్దా అన్నది ప్రజాప్రతినిధులు తేల్చాలి, దిగాక సేనను నడిపేది అధ్యక్షుడు. ఇంగ్లండ్ రాజుల్లా ఒక్క మనిషి తన ఇష్టానికి దేశాన్ని యుద్ధంలోకి లాగకూడదన్నది ఈ ఏర్పాటు వెనకున్న ఆలోచన. హఠాత్తుగా ఎవరైనా దాడి చేస్తే తిప్పికొట్టడానికి అధ్యక్షుడు ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కర్లేదని అప్పట్లోనే ఒప్పుకున్నారు.

కాంగ్రెస్ చివరిసారి లాంఛనంగా యుద్ధం ప్రకటించింది 1942 జూన్‌లో, బల్గేరియా, హంగేరీ, రొమేనియాల మీద. ఆ తర్వాత కొరియా, వియత్నాం, అఫ్గానిస్తాన్, ఇరాక్, లిబియా, ఇంకా ఎన్నో చోట్ల అమెరికా సైన్యం పోరాడింది కానీ ఆ ప్రకటన మళ్లీ రాలేదు. 1950లో కొరియాకు సైన్యాన్ని పంపినప్పుడు అధ్యక్షుడు ట్రూమన్ కాంగ్రెస్ ఓటు అడగలేదు. ఇది యుద్ధం కాదు, ఐరాస ఆధ్వర్యంలో జరిగే పోలీసు చర్య అన్న వర్ణనకు ఆయన ఒప్పుకున్నాడు. ఆ పోలీసు చర్యలో 36 వేల మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. అధ్యక్షుడు ఒంటరిగా పెద్ద యుద్ధం మొదలుపెట్టవచ్చన్న దారి అక్కడ తెరుచుకుంది.

టోంకిన్ సింధుశాఖ నుంచి 1973 చట్టం దాకా

వియత్నాంలో కాంగ్రెస్‌ను అడిగారు. అడిగిన తీరులోనే మోసం ఉంది. 1964 ఆగస్టు 2న టోంకిన్ సింధుశాఖలో అమెరికా నౌక మాడాక్స్‌తో ఉత్తర వియత్నాం పడవలకు నిజంగానే ఘర్షణ జరిగింది. ఆగస్టు 4న మళ్లీ దాడి జరిగిందని అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం చెప్పింది. ఆ రెండో దాడి అసలు జరగలేదు. అమెరికా నిఘా సంస్థ సొంత చరిత్రకారుడి అధ్యయనం కూడా అదే తేల్చింది. 2005లో దాన్ని బయటపెట్టారు. కానీ 1964 ఆగస్టు 7న కాంగ్రెస్ ఆ మాట నమ్మి, అవసరమైన చర్యలన్నీ తీసుకోవచ్చని అధ్యక్షుడికి తీర్మానం రాసిచ్చింది. ప్రతినిధుల సభలో 416-0. సెనేట్‌లో 88-2.

సెనేట్‌లో వద్దన్న ఆ ఇద్దరూ ఆరెగన్‌కు చెందిన వేన్ మోర్స్, అలాస్కాకు చెందిన ఎర్నెస్ట్ గ్రూనింగ్. 1968 కల్లా వియత్నాంలో ఐదు లక్షల మందికి పైగా అమెరికన్ సైనికులున్నారు. అదే ఏడాది ఎన్నికల్లో ఈ ఇద్దరూ సీట్లు పోగొట్టుకున్నారు. యుద్ధాన్ని మొదట్లోనే వ్యతిరేకించినవాళ్లకు తర్వాత చరిత్ర పుస్తకాల్లో పేరు రావచ్చు, ఆ రోజుకు మాత్రం పదవి పోతుంది. మిగతా సభ్యులు ఓటు వేయడానికి ఎందుకు భయపడతారో అర్థం చేసుకోవాలంటే ఇది గుర్తుంచుకోవాలి.

ఆ యుద్ధంలో 58 వేల మందికి పైగా అమెరికన్లు చనిపోయారు. వియత్నాం ప్రభుత్వం 1995లో చెప్పిన లెక్క ప్రకారం తమ వైపు పోరాడినవాళ్లు, ఉత్తర దక్షిణాల పౌరులు కలిపి దాదాపు 30 లక్షల మంది. 1969లో పక్కనున్న కంబోడియా మీద అధ్యక్షుడు నిక్సన్ రహస్యంగా బాంబులు వేయించాడు. కాంగ్రెస్‌లో చాలామందికి ఆ విషయమే తెలియదు.

ఈ అనుభవం నుంచే 1973 యుద్ధాధికారాల చట్టం పుట్టింది. నిక్సన్ వీటో చేస్తే, రెండు సభలూ మూడింట రెండొంతుల మెజారిటీతో దాన్ని కొట్టేసి మరీ చట్టం చేశాయి. ఇప్పటికీ వార్తల్లో తరచూ వినిపించే చట్టం ఇదే. సైన్యాన్ని పోరులోకి దింపితే అధ్యక్షుడు 48 గంటల్లో కాంగ్రెస్‌కు నివేదించాలి. 60 రోజుల్లోగా కాంగ్రెస్ అనుమతి రాకపోతే ఆ చర్య ఆపేయాలి. సైన్యం క్షేమంగా వెనక్కి రావడానికి ఇంకో 30 రోజులు తీసుకోవచ్చు.

చదివితే గట్టి చట్టంలాగే ఉంటుంది. దానికి పదును పోయింది 1983లో. కాంగ్రెస్ తీర్మానం చేస్తే అధ్యక్షుడి సంతకంతో పనిలేకుండా సైన్యం వెనక్కి రావాలన్నది అందులోని అసలు ఆయుధం. సంతకం అవసరం లేని అలాంటి తీర్మానాలు చెల్లవని వలస వ్యవహారానికి సంబంధించిన ఒక వేరే కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాంతో యుద్ధం ఆపాలన్నా ఆ తీర్మానం అధ్యక్షుడి బల్ల మీదికే వెళ్లాలి. ఆయన వీటో చేస్తే మళ్లీ మూడింట రెండొంతుల ఓట్లు కూడగట్టాలి. రాజ్యాంగం ప్రకారం యుద్ధం మొదలవ్వాలంటే మెజారిటీ కావాలి. ఇప్పుడు ఆపాలంటే అంతకంటే పెద్ద మెజారిటీ కావాలి. మొత్తం వ్యవహారం ఇక్కడే తలకిందులైంది.

ఉదాహరణ: లిబియాలో 60 రోజుల లెక్క

2011 మార్చి 17న ఐరాస భద్రతా మండలి 1973 నంబరు తీర్మానం చేసింది. (యుద్ధాధికారాల చట్టం సంవత్సరమూ ఇదే అంకె కావడం యాదృచ్ఛికం.) లిబియా నగరం బెంఘాజీ పౌరులను ఆ దేశ పాలకుడు గడాఫీ సేనల నుంచి కాపాడడం దాని ఉద్దేశం. భారత్, చైనా, రష్యా, జర్మనీ, బ్రెజిల్ ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. మార్చి 19న దాడులు మొదలయ్యాయి. 21న అధ్యక్షుడు ఒబామా కాంగ్రెస్‌కు లేఖ పంపాడు. 48 గంటల నిబంధన పాటించినట్టే. అక్కడి నుంచి 60 రోజులు లెక్కపెడితే మే 20.

మే 20 వచ్చింది, వెళ్లింది. దాడులు ఆగలేదు. ప్రభుత్వం చెప్పిన కారణం ఏమిటంటే, నేల మీద మన సైనికులు లేరు, మనవాళ్ల మీద ఎదురు కాల్పులు దాదాపు లేవు, నడిపిస్తున్నది నాటో సైనిక కూటమి, కాబట్టి చట్టం చెప్పే పోరు ఇది కాదు, గడువు వర్తించదు అని. న్యాయ శాఖలోని న్యాయ సలహా విభాగం, రక్షణ శాఖ న్యాయవాది ఇద్దరూ దీనితో ఏకీభవించలేదు. ఒబామా విదేశాంగ శాఖ న్యాయ సలహాదారు మాట తీసుకున్నాడు. రోజూ బాంబులు పడుతున్నా అది పోరు కాదన్న వాదన కింద చనిపోయేవాళ్లకు ఎలా వినిపిస్తుందో ఊహించుకోవచ్చు.

ఇక ప్రతినిధుల సభ చేసింది చూడండి. జూన్ 24న ఒకే రోజు రెండు ఓటింగులు పెట్టారు. లిబియా చర్యకు అనుమతి ఇద్దామా అంటే 295-123తో వద్దన్నారు. సరే, నిధులు తగ్గిద్దామా అంటే 238-180తో అదీ వద్దన్నారు. బాధ్యత తీసుకోవడం ఇష్టం లేదు, ఆపే ధైర్యమూ లేదు. అధ్యక్షులు అధికారం లాక్కున్నారని విమర్శకులు తరచూ అంటారు. అది సగమే నిజం. మిగతా సగం కాంగ్రెస్ దాన్ని వదిలించుకోవడానికి సంతోషంగా ఒప్పుకుంది.

గడాఫీ అక్టోబర్ 20న హతమయ్యాడు. పౌర రక్షణ పేరుతో మొదలైంది ప్రభుత్వాన్ని కూల్చేయడంగా మారింది. ఆ తర్వాత లిబియా ఏళ్ల తరబడి అంతర్యుద్ధంలో పడింది. ఈ చర్యలో పాలుపంచుకున్న బ్రిటన్‌లో పార్లమెంటరీ విదేశాంగ కమిటీ 2016లో నివేదిక ఇస్తూ, పౌరులకు ముప్పును సరిగా అంచనా వేయలేదని, తర్వాత ఏం జరుగుతుందో ఆలోచించలేదని తప్పుపట్టింది.

60 పదాల అనుమతి, ఇరవై ఏళ్ల యుద్ధం

2001 సెప్టెంబర్ 11 దాడులు జరిగిన మూడు రోజులకు కాంగ్రెస్ ఒక అనుమతి తీర్మానం చేసింది. అందులోని కీలక వాక్యం ఇంగ్లిషులో 60 పదాలు. ఆ దాడులకు పథకం వేసిన, చేసిన, సాయపడిన దేశాల మీద, సంస్థల మీద, వ్యక్తుల మీద, వాళ్లకు ఆశ్రయం ఇచ్చినవాళ్ల మీద బలప్రయోగం చేయవచ్చన్నది దాని సారాంశం. సెనేట్‌లో 98-0. ప్రతినిధుల సభలో 420-1. ఆ ఒక్క ఓటు కాలిఫోర్నియా సభ్యురాలు బార్బరా లీది. ఎప్పుడు ముగుస్తుందో, ఎక్కడ ఆగుతుందో చెప్పని అనుమతి ఇవ్వకూడదన్నది ఆమె అభ్యంతరం. ఆమెకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి, పోలీసు రక్షణ ఇవ్వాల్సి వచ్చింది.

ఆమె భయపడ్డట్టే జరిగింది. తీర్మానంలో తేదీ లేదు, సరిహద్దు లేదు. అల్‌ఖైదాకు అనుబంధ శక్తులు అన్న మాట కూడా అందులో లేదు. వ్యాఖ్యానంలో తర్వాత చేర్చుకున్నారు. అలా అఫ్గానిస్తాన్ కోసం ఇచ్చిన అనుమతి యెమెన్, సోమాలియా, సిరియాల దాకా సాగింది. 2001లో పుట్టనే లేని సంస్థల మీద, 2014లో అల్‌ఖైదాతో తెగతెంపులైన ఐసిస్ మీద కూడా అదే తీర్మానం చూపించి దాడులు చేశారు. 2017 అక్టోబర్‌లో నైజర్‌లో నలుగురు అమెరికన్ సైనికులు చనిపోయినప్పుడు, అక్కడ దాదాపు వెయ్యి మంది సైనికులున్నారని తనకు తెలియదని సీనియర్ సెనేటర్ లిండ్సే గ్రాహం బహిరంగంగానే ఒప్పుకున్నాడు.

ఈ తీర్మానాన్ని సమర్థించేవాళ్ల వాదననూ వినాలి. ఉగ్రవాద సంస్థలు పేరు మార్చుకుంటాయి, దేశాలు మారుస్తాయి. ప్రతిసారీ కొత్త అనుమతి కోసం నెలల తరబడి చర్చ పెడితే శత్రువుకు సమయం దొరుకుతుంది. 2014 ఆగస్టులో ఇరాక్‌లోని సింజార్ కొండల మీద యాజిదీలు అనే మైనారిటీ మతస్థులు ఐసిస్ చేతిలో చిక్కుకున్నప్పుడు తక్షణం దాడులు చేయకపోయి ఉంటే ఇంకెందరు చనిపోయేవారో అని వాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్న తోసిపారేసేది కాదు. అయితే అత్యవసరంగా మొదలుపెట్టడం వేరు, ఏళ్ల తరబడి ఓటు లేకుండా కొనసాగించడం వేరు. సింజార్ మొదటిదాన్ని సమర్థిస్తుంది, రెండోదాన్ని కాదు.

రెండు అనుమతులు, నాలుగు యుద్ధాలు

ఐరాస చార్టర్‌లో 2(4) అధికరణం ఇంకో దేశం మీద బలప్రయోగాన్ని నిషేధిస్తుంది. దీనికి మినహాయింపులు రెండే. దాడికి గురైన దేశం ఆత్మరక్షణ చేసుకోవచ్చు (51వ అధికరణం), లేదా భద్రతా మండలి అనుమతి ఇవ్వాలి. ఇప్పుడు దేశంలో కాంగ్రెస్ అనుమతిని, బయట మండలి అనుమతిని పక్కపక్కన పెట్టి నాలుగు యుద్ధాలను చూద్దాం.

కొరియా, 1950: మండలి తీర్మానం ఉంది, కాంగ్రెస్ అనుమతి లేదు. 1991 కువైట్ యుద్ధానికి రెండూ ఉన్నాయి. మండలి 678వ తీర్మానం చేసింది, సెనేట్ 52-47తో, ప్రతినిధుల సభ 250-183తో ఒప్పుకున్నాయి. 2003 ఇరాక్‌కు కాంగ్రెస్ అనుమతి ఉంది (296-133, 77-23), మండలిది లేదు. అది చార్టర్ ప్రకారం చట్టవిరుద్ధమని అప్పటి ఐరాస ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ 2004లో అన్నాడు. కొసావో (అప్పటి యుగోస్లావియాలో ఒక ప్రాంతం), 1999: రెండూ లేవు. 78 రోజుల నాటో బాంబుదాడుల మధ్యలో, ఏప్రిల్ 28న ప్రతినిధుల సభలో పెట్టిన సమర్థన తీర్మానం సరిగ్గా 213-213 దగ్గర ఆగి వీగిపోయింది.

ఈ నాలుగింటిలో ఏది మంచి యుద్ధం? అనుమతుల లెక్క ఇక్కడ సరిపోదు. ఏ అనుమతీ లేని కొసావో యుద్ధాన్ని అంతర్జాతీయ స్వతంత్ర కమిషన్ ఒకటి చట్టవిరుద్ధమే కానీ సమర్థించదగినదే అంది. అంతకు నాలుగేళ్ల ముందు బోస్నియాలోని స్రెబ్రెనిట్సా పట్టణంలో దాదాపు 8 వేల మంది బోస్నియా ముస్లిం మగవాళ్లను, మగపిల్లలను చంపేస్తుంటే ప్రపంచం చూస్తూ ఊరుకుంది. ఆ సిగ్గు యూరప్‌ను వెంటాడుతోంది. కానీ కొసావో దాడుల్లో చనిపోయిన యుగోస్లావియా పౌరులు దాదాపు 500 మంది అని హ్యూమన్ రైట్స్ వాచ్ తేల్చింది. ఆ దారి ఒకసారి తెరిచాక రేపు ఇంకో పెద్ద దేశం ఇదే మాట చెప్పి పక్క దేశం మీదికి వెళ్లదా? 2008లో జార్జియా విషయంలో, 2014లో క్రిమియా విషయంలో రష్యా కొసావోనే ఉదాహరణగా చూపింది.

ఇరాక్ యుద్ధమైతే కాంగ్రెస్ ఓటు మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లను ఇబ్బంది పెడుతుంది. అక్కడ ఓటు జరిగింది, చర్చా జరిగింది. అయినా ఆధారం తప్పుడుది. 2003 ఫిబ్రవరి 5న విదేశాంగ మంత్రి పావెల్ భద్రతా మండలిలో ఉన్నాయని చెప్పిన సామూహిక విధ్వంసక ఆయుధాలు ఎక్కడా దొరకలేదు. దాదాపు 4,500 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. ఇరాకీ పౌరుల మరణాలు లక్ష దాటి ఎంతో ముందుకు పోయాయి. కాబట్టి ఓటు ఒక్కటే మంచి నిర్ణయానికి హామీ కాదు. అది ఇచ్చేది పేర్లు. ఎవరు అవునన్నారో రికార్డులో ఉండడం వల్లే 2008 అధ్యక్ష ఎన్నికల పోటీలో హిల్లరీ క్లింటన్ ఆ ఓటుకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ యుద్ధాన్ని ముందే వ్యతిరేకించిన ఒబామాకు అది కలిసొచ్చింది. లిబియా విషయంలో దాడులు మొదలవకముందు అలాంటి ఓటే జరగలేదు.

ఖర్చు కనపడకపోతే ప్రశ్నించేదెవరు?

కొరియా యుద్ధానికి ట్రూమన్ పన్నులు పెంచాడు. వియత్నాం కోసం జాన్సన్ 1968లో ఆదాయపు పన్ను మీద 10 శాతం సర్‌చార్జి వేశాడు. నిర్బంధ సైనిక సేవ కూడా ఉండేది కాబట్టి మధ్యతరగతి ఇళ్లలో ప్రతి తల్లికీ యుద్ధం గురించి టెన్షన్ ఉండేది. నిర్బంధ సేవ 1973లో ఆగింది. 2003లో ఇరాక్‌లోకి దిగిన రెండు నెలలకే బుష్ ప్రభుత్వం పన్నులు తగ్గించింది. యుద్ధం అప్పుల మీద నడిచింది, పోరాడింది జనాభాలో చిన్న భాగం.

బ్రౌన్ యూనివర్సిటీలోని యుద్ధ ఖర్చుల పరిశోధన బృందం 2021లో వేసిన లెక్క ప్రకారం 2001 తర్వాతి యుద్ధాల ఖర్చు 8 లక్షల కోట్ల డాలర్లు. అమెరికా జనాభా 33 కోట్లనుకుంటే తలకు 24 వేల డాలర్ల పైమాటే. నలుగురున్న ఇంటికి దాదాపు లక్ష. ఇందులో 2.2 లక్షల కోట్లు గాయపడిన సైనికుల భవిష్యత్తు సంరక్షణకు, 2050 దాకా. ఈ బిల్లు ఏ ఇంటికీ ఒక్కసారిగా రాలేదు, అప్పు వడ్డీలో కలిసిపోయి వస్తూనే ఉంది. అక్కడ స్థిరపడి పన్ను కడుతున్న లక్షలాది తెలుగువాళ్లకూ అందులో వాటా ఉంది.

అదే బృందం నేరుగా యుద్ధంలో చనిపోయినవాళ్లు దాదాపు 9 లక్షలని అంచనా వేసింది. ఆ 9 లక్షల మందిలో అత్యధికులకు అమెరికాలో ఓటు లేదు, పన్ను రసీదు లేదు. 2021 ఆగస్టు 29న కాబూల్‌లో అమెరికా డ్రోన్ దాడిలో ఒకే ఇంటికి చెందిన పది మంది చనిపోయారు, అందులో ఏడుగురు పిల్లలు. మొదట సరైన దాడే అన్నారు. మూడు వారాలకు పొరపాటు ఒప్పుకున్నారు. ఎవరికీ శిక్ష పడలేదు.

సైనికుడు లేకుండా పాత్ర: యెమెన్

యుద్ధంలో పాత్ర అంటే సైన్యాన్ని పంపడమే కాదు. 2015 మార్చిలో సౌదీ అరేబియా కూటమి యెమెన్ మీద దాడులు మొదలుపెట్టినప్పుడు అమెరికా ఆయుధాలు అమ్మింది, నిఘా సమాచారం ఇచ్చింది, 2018 నవంబర్ దాకా గాల్లోనే సౌదీ విమానాలకు ఇంధనం నింపింది. 2018 ఆగస్టులో యెమెన్‌లోని దహ్యాన్‌లో పిల్లలున్న బస్సు మీద పడిన బాంబు అమెరికాలో తయారైనది. 40 మంది పిల్లలు చనిపోయారు.

మనం బాంబు వేయలేదు కదా అని అమెరికా ప్రభుత్వం చెబుతూ వచ్చింది. మిత్రదేశంతో సంబంధం తెగితే ఇరాన్ బలపడుతుందని, పక్కనుంటేనే సౌదీని కొంతైనా అదుపు చేయగలమని సమర్థకుల వాదన. 2019లో కాంగ్రెస్ రెండు సభలూ ఆ సాయం ఆపాలని తీర్మానించాయి, సెనేట్‌లో 54-46, ప్రతినిధుల సభలో 247-175. యుద్ధాధికారాల చట్టం కింద సైనిక పాత్ర ఆపమంటూ రెండు సభలూ దాటిన మొదటి తీర్మానం అది. ట్రంప్ వీటో చేశాడు. దాన్ని కొట్టేయడానికి మే 2న సెనేట్‌లో పడ్డవి 53 ఓట్లు, కావలసినంత మెజారిటీ రాలేదు. రెండు సభల్లోనూ మెజారిటీ వద్దన్న యుద్ధ సాయం అలా కొనసాగింది. 1983 తీర్పు ప్రభావం ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ లేదు.

మరి మన దేశం?

అమెరికాను ప్రశ్నించేటప్పుడు మన సంగతీ చూసుకోవాలి. భారత రాజ్యాంగంలో యుద్ధానికి పార్లమెంటు ముందస్తు అనుమతి కావాలన్న నిబంధనే లేదు. సైన్యం మీద సర్వాధికారం రాష్ట్రపతి పేరున ఉంటుంది, నిర్ణయం కేంద్ర మంత్రివర్గానిది. 1987 జులైలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం చేసుకున్న వెంటనే శాంతి దళం శ్రీలంకకు వెళ్లింది. శాంతి కాపాడడానికి వెళ్లిన సైన్యం అక్టోబర్‌కల్లా ఎల్‌టీటీఈతో యుద్ధంలో పడింది. 1990 మార్చిలో తిరిగొచ్చేలోపు మన సైనికులు దాదాపు 1,200 మంది చనిపోయారు. 1987 అక్టోబర్‌లో జాఫ్నా ఆసుపత్రిలో రోగులు, డాక్టర్లు, నర్సులు చనిపోయిన ఘటనలో కాల్చింది భారత సైనికులేనని అక్కడి తమిళులు చెబుతారు. అది ఎదురుకాల్పుల మధ్య జరిగిందని మన సైన్యం వాదన. మన పాఠ్యపుస్తకాల్లో దాని ప్రస్తావన దాదాపు కనిపించదు.

1971 సంగతి ఇంకో రకం. బంగ్లాదేశ్ విముక్తిని మనం గర్వంగా చెప్పుకుంటాం, దానికి బలమైన కారణాలూ ఉన్నాయి. అయినా ఆ డిసెంబర్ 7న ఐరాస సాధారణ సభలో కాల్పుల విరమణ, సేనల ఉపసంహరణ కోరుతూ పెట్టిన తీర్మానానికి 104 దేశాలు అవునన్నాయి, 11 కాదన్నాయి. కొసావో చర్చలో వచ్చే ప్రశ్నలన్నీ మనకూ వర్తిస్తాయి. మారణకాండను ఆపడానికి సరిహద్దు దాటవచ్చా అంటే, మనం మన విషయంలో ఎప్పుడో అవునని జవాబు చెప్పుకున్నాం.

2003లో మాత్రం వాజ్‌పేయి ప్రభుత్వం నిలబడిన తీరు చెప్పుకోదగ్గది. ఇరాక్‌కు భారత సైన్యాన్ని పంపమని అమెరికా గట్టిగా అడిగింది. పార్లమెంటు ఏప్రిల్‌లోనే ఆ యుద్ధాన్ని తప్పుపడుతూ తీర్మానం చేసింది. ఐరాస స్పష్టమైన ఆదేశం లేకుండా పంపలేమని జులై 14న భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం తేల్చింది. గల్ఫ్‌లో యుద్ధమంటే మనకు దూరపు వార్త కాదు. 1990లో కువైట్‌ను ఇరాక్ ఆక్రమించినప్పుడు అమ్మాన్ మీదుగా విమానాల్లో దాదాపు 1.7 లక్షల మంది భారతీయులను వెనక్కి తెచ్చారు. వాళ్లలో తెలుగు కూలీలూ ఉన్నారు.

2021లో బల్ల మీదికి వచ్చిన మార్పు

అమెరికాలో కుడి ఎడమ రెండు వైపుల విమర్శకులూ కలిసే చోటు ఒకటుంది. 2021 జులైలో డెమొక్రాట్ క్రిస్ మర్ఫీ, రిపబ్లికన్ మైక్ లీ, స్వతంత్రుడు బెర్నీ సాండర్స్ కలిసి సెనేట్‌లో ఒక బిల్లు పెట్టారు. దాని ప్రకారం 60 రోజుల గడువు 20 రోజులకు తగ్గుతుంది. ఆలోపు కాంగ్రెస్ ఓటు వేయకపోతే ఆ చర్యకు నిధులు వాటంతట అవే ఆగిపోతాయి. పోరు అంటే ఏమిటో నిర్వచనం కూడా చట్టంలోనే రాశారు, లిబియా వాదన మళ్లీ చెల్లకుండా. 2001 తీర్మానం లాంటివాటికి గడువు తేదీ పెట్టాలన్నారు.

వ్యతిరేకించేవాళ్లు చెప్పేది ఇది: 20 రోజుల తర్వాత డబ్బు ఆగిపోతుందని తెలిస్తే శత్రువు 21వ రోజు దాకా ఓపిక పడతాడు. పోరు మధ్యలో ఉన్న సైనికులకు నిధులు ఆపడం ఏ సభ్యుడూ భరించలేని నిందను తెస్తుంది. ఈ అభ్యంతరంలో బలముంది. కానీ ఆ నింద భయమే సభ్యులను నోరు తెరిచి అవుననో కాదనో చెప్పేలా చేస్తుందని బిల్లు పెట్టినవాళ్ల ఆశ. బ్రిటన్‌లో అలా జరిగింది. 2013 ఆగస్టు 29న సిరియా మీద దాడికి పార్లమెంటు 285-272తో వద్దంటే ప్రధాని కామెరన్ ఆగిపోయాడు. రెండు రోజులకు ఒబామా కూడా కాంగ్రెస్‌ను అడుగుతానన్నాడు. ఆ ఓటింగ్ జరగకముందే రసాయన ఆయుధాలను అప్పగించే ఒప్పందం రష్యాతో కుదిరింది.

మర్ఫీ, లీ, సాండర్స్‌ల బిల్లు ఆమోదం పొందలేదు. 2001 నాటి 60 పదాలు ఇంకా చట్టంలోనే ఉన్నాయి.